పెద్దలకి వూ, స్నేహితులకి తూ

2007 ఫిబ్రవరి 5, సోమవారం

మందుల షాపాయన ఇచ్చిన డైరీ ఇది. ప్రతి పేజీ అడుగునా ఒక దగ్గుమందు పేరుంది. డైరీ రాసేవాడికి ఏదో ఒక జబ్బు ఉండే ఉంటుందని వాళ్ళ నమ్మకం కాబోలు.

ఈరోజు డైరెక్టరు గారు పిలిచారు. కూర్చోమన్నారు. అప్పుడే భయమేసింది. మామూలుగా నిలబెట్టే మాట్లాడతారు.

"మాస్టారూ, ఫ్రెంచి ఎందాకా వచ్చింది?"

"నడుస్తోందండీ."

"నడిస్తే చాలదు మాస్టారూ, పరిగెత్తాలి. ఈ ఏడు తెలుగు తీసుకున్నవాళ్ళు ఎంతమందో మీకు తెలుసుగా?"

తెలుసు. నా క్లాసులో పిల్లలకంటే ఫ్యాన్లు ఎక్కువ. అందరూ సంస్కృతమే, మార్కులు పడతాయని. జూన్ నుంచి ఫ్రెంచి కూడా పెడుతున్నారు, ఇంకా ఎక్కువ పడతాయని. తెలుగు ఎత్తేస్తున్నారు. తెలుగుతోపాటు తెలుగు మాస్టారుని కూడా ఎత్తేయకుండా పోయినేడే ఒక దారి చూపించారు. నేను ఫ్రెంచి నేర్చుకుని ఫ్రెంచి చెప్పాలి. "ఏదైనా భాషే కదా మాస్టారూ, మీరు భాష మనిషి" అన్నారు. నేర్చుకోకపోతే, అని మొదలుపెట్టి టీ తాగారు. ఆ వాక్యం ఇప్పటికీ పూర్తి కాలేదు.

ఇవాళ కొత్తగా చెప్పింది సర్టిఫికెట్టు సంగతి. "ఇంటర్నేషనల్‌ది కావాలి. ఏదైనా సరే, ఏ టూ లెవెల్ ఉంటే చాలు. జూన్ ఆఖర్లో ప్రాస్పెక్టస్ ప్రెస్సుకెళ్తుంది. అప్పటికి మీ పేరు పక్కన వేసుకోటానికి ఏదో ఒకటుండాలి. లేకపోతే..."

టీ లేదు. అటెండరు కోసం బెల్లు కొట్టారు.

ప్రతిదానికీ ఊ కొట్టి వచ్చాను. పేపర్లో ఏ వన్, ఏ టూ అంటే ముద్దాయిలు. యాభై నాలుగేళ్ళొచ్చాక నేను ఏ టూ కావాలి.

ఫిబ్రవరి 6

మా ఆవిడ శివపార్వతికి చెప్పలేదు. చెప్పటానికేముంది? ప్రమోషన్ కోసం నేర్చుకుంటున్నానని పోయినేడే చెప్పాను. అదే ఉండనీ. నాకు భయమేం లేదు.

ఫిబ్రవరి 11, ఆదివారం

వన్ టౌన్‌లో ఎండుమిరపకాయల గోడౌను పైన ఛాయాదేవి గారి ట్యూషన్. యానాంలో పుట్టి పాండిచ్చేరిలో చదువుకున్న పిల్ల. ముప్పై ఐదుంటాయేమో. నా పాత స్టూడెంట్లకంటే చిన్నది, అయినా నాకు గురువు. ఫ్రెంచి ముక్కుతో మాట్లాడాలంటుంది. కింద కాయలు బస్తాల్లో తొక్కేటప్పుడు ముక్కుతో ఇంకే పనీ చేయలేం. అందరం తుమ్ముతాం. ఈ పది నెలల్లో నాకు బాగా పట్టుబడ్డ ఫ్రెంచి శబ్దాలు అక్కడివే.

ఏ పరీక్ష రాయాలో అడిగాను.

"మూడున్నాయి మాస్టారూ. టెఫ్ అని ఒకటి. కెనడా వెళ్ళేవాళ్ళు ఎక్కువ రాస్తారు. అది మీకొద్దు."

"వద్దులేమ్మా. చలి పడదు."

"ఇంక రెండు. టిసిఎఫ్, డెల్ఫ్. టిసిఎఫ్‌లో విని ఒకటి, చదివి ఒకటి, వ్యాకరణం ఒకటి, అన్నీ నాలుగిట్లో ఒకటి గుర్తించటమే. మాట్లాడటం, రాయటం కావాలనుకుంటేనే. ఫెయిలవటమంటూ ఉండదు. మీ స్థాయి ఫలానా అని కాగితమిస్తారు. రెండేళ్ళు చెల్లుతుంది. మేలో పెడుతున్నారు, రెండు మూడు వారాల్లో కాగితం వచ్చేస్తుంది."

"డెల్ఫ్?"

"వినాలి, చదవాలి, రాయాలి, ఎదురుగా కూర్చుని మాట్లాడాలి. ఒక్కోదానికి పాతిక మార్కులు. మొత్తం యాభై రావాలి. ఏ ఒక్కదాంట్లో ఐదుకి తగ్గినా పోయినట్టే. జూన్‌లో హైదరాబాద్‌లో పరీక్ష, రిజల్టు జులైలో. కానీ అది డిప్లొమా మాస్టారూ. చచ్చేదాకా చెల్లుతుంది."

ఎదురుగా కూర్చుని అన్న దగ్గరే నా చెవులు మూసుకుపోయాయి.

ఫిబ్రవరి 12

టిసిఎఫ్ మంచిది. బాగా ఆలోచించే అంటున్నాను. ఒకటి, డైరెక్టరు గారు జూన్ ఆఖరులోపు అన్నారు, ఇది మేలోనే అయిపోతుంది. రెండు, చచ్చేదాకా చెల్లటానికి నేను చచ్చేదెప్పుడో నాకు తెలీదు. రెండేళ్ళు అంటే లెక్క తెలుస్తుంది. మూడు, ఫెయిలవటం ఉండదు.

మాట్లాడక్కర్లేదన్నది అసలు కారణమే కాదు.

ఫిబ్రవరి 25, ఆదివారం

టిసిఎఫ్ అని చెప్పాను. ఛాయాదేవి గారు సరేనంది గానీ మాట్లాడటం మాత్రం మానిపించలేదు. "పరీక్షలో లేకపోయినా క్లాసులో ఉంటుంది మాస్టారూ" అంది. ఇలా మాట్లాడే మాస్టార్లని నేను పామర్రులో ట్యూషన్ చెప్పుకునే రోజుల్లో చూశాను. అద్దంలో.

ఇవాళ పాఠం మీరు, నువ్వు. ఫ్రెంచిలో మీరుని వూ అంటారు. నువ్వుని తూ అంటారు. సరిగ్గా తూ కూడా కాదు, ఈల వేసే మూతి పెట్టి ఈ అనాలి.

"అర్థమైందమ్మా. పెద్దవాళ్ళకి ఊ కొట్టాలి. చనువున్నవాళ్ళని తూ అనాలి. మా కృష్ణా జిల్లాలో కూడా అంతే."

క్లాసంతా నవ్వింది. ఛాయాదేవి గారు కూడా నవ్వి, "అయితే మీకు తేలికే. రండి, నేను మీ స్నేహితురాల్ని. మీ సైకిలు తీసుకెళ్ళి తిరిగివ్వలేదు. నన్ను అడగండి" అంది.

అడిగాను. వూ అన్నాను.

"స్నేహితులం మాస్టారూ. తూ."

మళ్ళీ అడిగాను. మళ్ళీ వూ అన్నాను. ఎంత ఈల మూతి పెట్టినా బయటికి వచ్చేసరికి వూ అయి కూర్చుంటోంది.

"పాఠం చెప్పే గురువుని తూ అంటే కళ్ళు పోతాయమ్మా."

"కళ్ళు పోవు, మార్కులు పోతాయి."

"నా పరీక్షలో ఆ మార్కులు లేవుగా."

తర్వాతి వాణ్ణి లేపింది. ఇంకోటి కూడా చెప్పింది, అవునుకి నేను వీ అని ఊరుకోకుండా వీ అండీ అంటున్నానట. అండీ లేకపోతే కొట్టినట్టుంటుంది, ఎలా ఊరుకోను?

మార్చి 9

కాలేజీలో ఇంటర్ పరీక్షలు. నాకు ఇన్విజిలేషన్. సంస్కృతం పేపరు రోజు ఒక కుర్రాడు గంటలో రాసేసి బయటికి చూస్తూ కూర్చున్నాడు. "ఎంతొస్తాయిరా?" అన్నాను. "తొంభై ఎనిమిది సార్." "నీ పేరేంటో సంస్కృతంలో చెప్పు." వాడు నా మొహం చూశాడు, తర్వాత పక్కవాడి మొహం చూశాడు. నోరు తెరవలేదు.

ఇంటికొచ్చి శివపార్వతికి చెప్పి నవ్వాను. ఏటా చెప్పి ఏటా నవ్వుతాను. ఈసారి ఆవిడ నవ్వలేదు. చారులో ఉప్పు చాలలేదేమోనని అడిగింది.

మార్చి 18, ఆదివారం

పొద్దున్నే పెరట్లో నిలబడి మూతి సాధకం చేస్తున్నాను. తూ... తూ... అని. గోడ అవతల ఇంటిగలావిడ వెంకటరత్నమ్మ గారు ముగ్గేసుకుంటున్న సంగతి నాకేం తెలుసు?

"ఏవమ్మా శివపార్వతీ, మీ ఆయనకేమైనా తేడా చేసిందా? పొద్దుటే నా ముగ్గు వంక చూసి తూ తూ అంటన్నాడు!"

"లేదు పిన్నిగారూ, అది ఫ్రెంచి."

"ఏ జబ్బయితే ఏంటమ్మా, ముందు డాక్టరుకి చూపించు."

నేను గోడ దగ్గరికెళ్ళి మూడుసార్లు క్షమించమని చెప్పాను. ఆవిడ గ్యాస్ గురించి, నీళ్ళ మోటారు గురించి చెప్పినవాటన్నిటికీ ఊ కొట్టాను. మోటారు ఖర్చు కూడా ఒప్పుకున్నట్టున్నాను.

మార్చి 19

నిద్ర లేదు.

ఏప్రిల్ 4

కాలేజీలో ఎవరో అమ్మాయి వచ్చి డైరెక్టరు గారి గదిలో కూర్చుంది. ఫ్రెంచి అప్లికేషన్ అని అటెండరు ఇశ్రాయేలు చెప్పాడు. "ఊరికే అడగటానికొచ్చిందంట సార్, మీరేం కంగారుపడకండి" అన్నాడు. నేను కంగారుపడుతున్నట్టు వాడికెలా తెలిసింది? నేను చాక్‌పీసులు లెక్కపెట్టుకుంటున్నాను, అంతే.

ఏప్రిల్ 15, ఆదివారం

చాలా సంగతులు జరిగాయి. రాస్తే చిక్కు విడుతుందేమో.

రేపు టిసిఎఫ్‌కి ఫీజు కట్టాలి. సాయంత్రం శివపార్వతి గోంగూర ఒలుస్తూ, "మీ చీటీలివ్వండి, నేను చదువుతాను. మీకు జవాబిచ్చేవాళ్ళు కావాలిగా" అంది. ఛాయాదేవి గారు రాసిచ్చిన చీటీలు, కింద నేను తెలుగు అక్షరాల్లో రాసుకున్నవి. ఇద్దరు స్నేహితులు సినిమాకి వెళ్ళే చీటీ ఇచ్చాను. నేనొకణ్ణి, ఆవిడొకరు.

నా వంతు బాగానే అయింది. తూ, తూ, తూ, నీళ్ళలా వచ్చింది. ఆవిడ వంతులో తూ ఆ రెజోఁ అని ఉంది, నువ్వన్నది నిజమే అని. ఆవిడ అక్కడిదాకా వచ్చి ఆగిపోయింది.

"దీనర్థం నువ్వనా?"

"అవును."

"మిమ్మల్నా?"

"నన్ను కాదు, స్నేహితుణ్ణి."

"చదివేది మిమ్మల్ని చూసేగా. నావల్ల కాదండీ." చీటీ కింద పెట్టేసింది. కాసేపు గోంగూర ఒలిచింది. తర్వాత తలెత్తకుండానే, "ఒకటి చూశారా? మీకు తూ అనటం బాగానే వచ్చు. కాకపోతే నన్నొక్కదాన్నే అనగలరు. మిగతా ఊరందరికీ ఊ" అంది.

చీటీ తీసి మడతపెట్టాను. జోకు కూడా తోచలేదు.

"ప్రమోషను లేదు ఏమీ లేదని నాకు పోయినేడే తెలుసు" అంది.

"ఎవరు చెప్పారు?"

"మీరే. నిద్రలో. సరేనండీ, అలాగేనండీ, తప్పకుండానండీ... రోజూ అంటారు. ప్రమోషనొచ్చినవాడు నిద్రలో అన్ని సరేనండీలు అనడు."

దాంతో అంతా చెప్పేశాను. జూన్, ప్రాస్పెక్టస్, ఆ అమ్మాయి అప్లికేషన్, టిసిఎఫ్, డెల్ఫ్. టిసిఎఫ్‌లో మాట్లాడక్కర్లేదని కూడా చెప్పాను.

"గుండ్రాలు దిద్దటమేనా?"

"దాదాపు."

"పాసైతే రేపు పిల్లలకి మీరేగా చెప్పేది?"

"వాళ్ళకి కావాల్సింది మార్కులేగా. వాళ్ళూ మాట్లాడరు."

"మరి ఏటా వాళ్ళని చూసి ఎందుకు నవ్వుతారు? తొంభై ఎనిమిది వచ్చింది, పేరు చెప్పరా అంటే నోరు తెరవలేదని? రేపు మీ పేరు అడిగితే?"

గోంగూర అయిపోయింది. కాడలు ఏరి చాట దులుపుకుని లోపలికెళ్ళింది.

ఏప్రిల్ 16

డెల్ఫ్‌కి కట్టాను.

ఎందుకు కట్టానో తెలీదు. రిజల్టు జులైలో. ప్రాస్పెక్టస్ జూన్‌లో. ఛాయాదేవి గారు ఫారం చూసి, "నిజంగానా మాస్టారూ?" అంది. వీ అండీ అన్నాను.

ఏప్రిల్ 17

తప్పు చేశాను.

ఏప్రిల్ 18

ఇప్పుడు మార్చుకోవచ్చా అని అడిగాను. మార్చుకోకూడదట. అడిగింది ఊరికే, తెలుసుకోటానికి.

మే 6, ఆదివారం

నా గురించి నేను చెప్పుకోవటం ప్రాక్టీసు. తెలుగు మాస్టారుని అని చెప్పాలి. చెప్పాను. ఛాయాదేవి గారు ఆపింది.

"మాస్టారూ, మీరు జె సుయి అనకుండా జెతే అంటున్నారు. అంటే మాస్టారుగా ఉండేవాణ్ణి అని. భూతకాలం."

"ఆ, నోరు జారిందమ్మా."

మళ్ళీ చెప్పాను. మళ్ళీ ఉండేవాణ్ణనే వచ్చింది. ఆవిడ ఈసారి సరిదిద్దలేదు. కిటికీ వేసింది, కింద కాయలు తొక్కుతున్నారని.

మే 22

ఎండలు. కాలేజీలో డైరెక్టరు గారు వరండాలో ఎదురై "ఏమైంది మాస్టారూ, రాశారా?" అన్నారు. జూన్ మొదట్లోనండీ అన్నాను. రిజల్టు ఎప్పుడని అడగలేదు. నేనూ చెప్పలేదు. అడగనిదానికి జవాబు చెప్పటం అతితెలివి.

ఒక మాట ఇక్కడ రాసి ఉంచుతాను. ఈ డైరెక్టరు గారు పదో తరగతిలో పామర్రులో నా దగ్గర ట్యూషనుకొచ్చిన గంగాప్రసాదే. రోజూ ఆలస్యం. రోజూ కొత్త కథ. ఒరేయ్ గంగా అంటే చాలు, బెత్తం అక్కర్లేకుండా లేచి నిలబడేవాడు. పదకొండేళ్ళ కింద ఈ కాలేజీలో చేరిన రోజు, అదే అలవాటులో "ఏరా గంగా, పెద్దవాడివైపోయావే" అన్నాను. ఆయన నవ్వారు. ఆ సాయంత్రం మేనేజరు నన్ను పక్కకి పిలిచి చాలా మర్యాదగా చెప్పాడు. ఆ మర్నాటినుంచి మీరు అంటున్నాను. తప్పు ఆయనదీ కాదు, నాదీ కాదు. జీతాలిచ్చే వాణ్ణి తూ అంటే అరిష్టం.

జూన్ 1

ఒక్క ముద్ద దిగటం లేదు. శివపార్వతి పెరుగన్నం కలిపి పెట్టింది. పరీక్షకి వెళ్ళే పిల్లాడికి పెట్టినట్టు.

జూన్ 8, శుక్రవారం, హైదరాబాదు

రాతపరీక్ష ఎలా రాశానో నాకు తెలీదు. వినే భాగంలో రైల్వే స్టేషను ప్రకటన వినిపించారు. మన స్టేషన్లో తెలుగు ప్రకటనే నాకు అర్థం కాదు.

మధ్యాహ్నం మాట్లాడే పరీక్ష. వరండాలో బెంచీ మీద నేనూ పదహారేళ్ళ పిల్లలూ. ఒకమ్మాయి "అంకుల్, మీ పాప కోసం వచ్చారా?" అంది. అవునమ్మా అన్నాను. ఊ కొట్టటానికి నాకు భాషతో పనిలేదు.

లోపల ఇద్దరున్నారు. ఒకాయన రాసుకుంటున్నాడు. మాట్లాడేది తెల్లజుట్టు దొరసాని. మా పెద్దక్క వయసుంటుంది. ఏం పని చేస్తారని అడిగింది. జె సుయి అన్నాను. ఉన్నాను అన్నాను. అక్కడిదాకా గట్టెక్కాను.

తర్వాత చీటీ తీయమంది. తీశాను. నీ స్నేహితుడు ఎప్పుడూ ఆలస్యంగా వస్తాడు, సినిమా మొదలైపోయింది, అతనితో మాట్లాడు. స్నేహితుడు ఆవిడే.

వూ అన్నాను.

ఆవిడ నవ్వి చీటీ మీద స్నేహితుడు అన్న మాట మీద వేలు పెట్టింది.

మళ్ళీ వూ అన్నాను. రాసుకునే ఆయన ఏదో రాసుకున్నాడు. అయిపోయింది, ఐదుకి తగ్గితే మొత్తం పోయినట్టే, బస్సెక్కి వెళ్ళి శివపార్వతికి ఏం చెప్పాలి అనుకున్నాను. నేను నువ్వు అనే మనిషి ఈ ప్రపంచంలో ఇంకెవరున్నారు? శివపార్వతి. ఆవిడెప్పుడూ ఆలస్యంగా రాదు. ఇంకెవరు? ఆలస్యంగా వచ్చేవాడెవడు?

కళ్ళు మూసుకున్నాను. పామర్రు. పైన వసారా. నిక్కరు, చొక్కా జేబు మీద సిరా మరక. కథ అల్లుకుంటూ మెట్లెక్కుతున్నాడు.

తూ! అన్నాను.

తూ ఎ తుజూర్ ఆఁ రతార్. నువ్వెప్పుడూ ఆలస్యమే. నీకోసం ఎంతసేపు నిలబడను? నేను ముసలాణ్ణి, కాళ్ళు నొప్పి. నువ్వు మాట ఇస్తావు, మాట మీద ఉండవు. వచ్చిన మాటలే తిప్పి తిప్పి వాడాను. దొరసాని బస్సు దొరకలేదంది. నీకు రోజూ బస్సు దొరకదు, తూ, నడిచి రా, తూ, అన్నాను. ఆవిడ కళ్ళజోడు తీసి తుడుచుకుంది. నవ్వుతోందని కాసేపటికి గానీ తెలీలేదు.

లేచేటప్పుడు మెర్సీ మదామ్ అండీ అన్నాను.

జూన్ 20

ప్రాస్పెక్టస్ గురించి అందరూ మాట్లాడుతున్నారు. నా దగ్గరికి ఎవరూ రాలేదు. రాకపోతే మంచిదే.

జూన్ 25, సోమవారం

కూర్చోమన్నారు.

"కాగితమేది మాస్టారూ?"

"రిజల్టు జులైలోనండీ."

"జులై ఏంటి మాస్టారూ! రేపు ప్రెస్సుకెళ్తుంటే! రెండు మూడు వారాల్లో వచ్చేదొకటుందంట కదా, అప్లికేషనిచ్చిన ఆ అమ్మాయి చెప్పింది. అది రాసుండొచ్చుగా?"

"ఉందండీ. దాంట్లో మాట్లాడక్కర్లేదండీ."

"అయితే మరీ మంచిదిగా!"

ఊ తప్ప దీనికేం చెప్తాం? బల్ల మీది కాగితాల వంక చూశాను. ఆయన కాసేపు పెన్ను తిప్పి, నవ్వి, ప్రూఫు నా వైపు తోశారు. "సరే, పాసయ్యారనే వేసేద్దాం. ఫ్రెంచి డిప్లొమా, ప్యారిస్. ఎలాగూ అవుతారుగా. అవకపోయినా ఎవడు చూడొచ్చాడు? ఊఁ అనండి, పంపించేస్తాను."

ఊఁ గొంతు దాకా వచ్చింది. నిజం. ఉద్యోగం ఆ ఊఁ లోనే ఉంది.

"వద్దండీ" అన్నాను.

"వద్దంటే మీ పేరే ఉండదు మాస్టారూ. ఆ అమ్మాయి పేరుంటుంది. మీ ఇష్టం మరి. నేను మీ మీద గౌరవంతో..."

"అబద్ధం వెయ్యకు గంగా. నేనింకా పాసవలేదు. రాని మార్కులు వచ్చాయని ఇంట్లో చెప్పి నువ్వు ఒకసారి ఏడుస్తూ నా దగ్గరికొచ్చావు, గుర్తుందా? నువ్వు ఇలాంటి పని చెయ్యకూడదు."

నేనే అన్నాను. నా గొంతే.

గంగాప్రసాద్ లేచి నిలబడ్డాడు.

బెత్తం లేదు, ఏమీ లేదు. నువ్వు అన్న మాటకి లేచాడు. తర్వాత తనే ఎందుకు లేచాడో తెలిసి, కిటికీ దగ్గరికెళ్ళి తెర సర్దాడు. అది సర్దే ఉంది.

"వెళ్ళండి మాస్టారూ" అన్నాడు, అటు తిరిగే.

బస్టాపులో ఇంటికెళ్ళే బస్సు రెండుసార్లు వదిలేశాను. ఉద్యోగం పోగొట్టుకుని వచ్చినవాడు ఏ మొహం పెట్టుకుని గుమ్మమెక్కుతాడో అది వెతుక్కుంటున్నాను. దొరకలేదు. ఉన్న మొహంతోనే వెళ్ళాను.

శివపార్వతి పప్పు ఏరుతోంది. అంతా చెప్పాను. నువ్వు అన్న మాట కూడా. చెప్పి, "ఆ టిసిఎఫ్ రాసుంటే ఈపాటికి అంతా సుఖంగా ఉండేది. బుద్ధిలేక డెల్ఫ్ రాశాను. ఊఁ అని ఊరుకుంటే పోయేది" అన్నాను.

ఆవిడ రాయి ఒకటి ఏరి పక్కన పడేసింది.

"తూ ఆ రెజోఁ" అంది.

ఏ మాటకి అందో నాకు మొదట అర్థం కాలేదు. నాకు బుద్ధిలేదు అన్నదానికా? "దేనికి?" అన్నాను.

"కాలేజీలో ఆ మాట అన్నదానికి" అంది. అని, నాలుక కరుచుకుని, చాట పట్టుకుని లోపలికెళ్ళిపోయింది. లోపల్నుంచి, "కాఫీ కలపనా అండీ?" అని వినిపించింది.

జూన్ 26

పిలవలేదు.

జూన్ 27

పిలవలేదు. నిద్రలో ఏమీ అనలేదట. శివపార్వతి చెప్పింది.

జూన్ 30, శనివారం

ఇశ్రాయేలు ప్రాస్పెక్టస్ తెచ్చి చేతిలో పెట్టి నిలబడ్డాడు. వాడికీ చూడాలని ఉంది. ఆర్టు పేపరు. మధ్యలో అధ్యాపకుల పేర్లు. ఫ్రెంచి దగ్గర నా పేరు లేదు. ఆ అమ్మాయి పేరూ లేదు. ఫ్రెంచి: అనుభవజ్ఞులైన అధ్యాపకులచే, అని ఉంది. ప్యారిస్ లేదు.

ఆ అనుభవజ్ఞుడెవరో జులైలో తేలుతుంది.

జులై 9

రాలేదు.

జులై 17, మంగళవారం

పొద్దున ఛాయాదేవి గారి ఫోను. ముందు తుమ్మింది, తర్వాత చెప్పింది.

మొత్తం యాభై మూడున్నర. వినటంలో ఐదున్నర. అర మార్కులో బతికాను. మాట్లాడటంలో పంతొమ్మిది.

"దొరసానిని ఏం చేశారు మాస్టారూ?"

"తిట్టానమ్మా."

కాలేజీకెళ్ళి చెప్పాను. గంగాప్రసాద్ నిలబడలేదు, నన్ను కూర్చోమన్నాడు. "టైం టేబుల్‌లో మీ పేరు వేయిస్తాను మాస్టారూ" అన్నాడు. ఊఁ అన్నాను. నిజంగానే ఊఁ అనాల్సిన చోట అనటానికి కూడా నాకు కొంచెం టైము పట్టింది. సోమవారం నుంచి ఫ్రెంచి క్లాసు. మొదటి రోజు ఒక్కొక్కణ్ణి లేపి పేరు అడుగుతాను. వాళ్ళు నా పేరు అడిగితే చెప్తాను. భయంగానే ఉంది.

ఇంటికొచ్చి శివపార్వతితో చెప్పాను. "మంచిదండీ" అంది.

"ఇంకా అండీ ఏంటి? మొన్న తూ అన్నావుగా" అన్నాను.

"అది ఫ్రెంచిలోనండీ" అంది.